ఆకలి అనని పరశురాములు

మా పరశురాములు గెలిచిన మొట్టమొదటి గెలుపేందంటె, అచ్చంపేట అడివి నుంచి మందను ఒక్క పిల్ల తక్కువ గాకుంట ఒంటరిగ ఇంటికి తోలుకొచ్చుడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు అది, కరువేడు. వానికింక మీసం సుత సరిగ్గ మొలువలే. నా తమ్ముడు దుర్గయ్య, అంటె పరశురాములు నాయిన, పెండ్లాన్ని కొడుకును ఎంటేసుకొని మేతకోసం నల్లమల దిక్కు పోయి, ఆడ చలిజరం పట్టి అచ్చంపేట దవాఖానల పడ్డడు. మంద మేసే జాగల గడ్డి అయిపోయింది. పిల్లగాడు ఎవ్వల్నీ అడగలే. నాయిన కాడ తల్లి అండాలును ఉంచి, కర్ర చేతవట్టి, షాద్‌నగర్ పక్కనున్న మా ఊరి తొవ్వ పట్టిండు.

దుందుభి వాగు దాటంగ వాన గొట్టి సద్దిమూట తడిసింది. మిగిలిన రొట్టెలన్ని కుక్కలకేసిండు. "కుక్క పస్తుంటె పండుకుంటది పెద్దబాపు, అది పండుకుంటె తోడేలు లేస్తది" అని తర్వాత చెప్పిండు. మంద ఊరి పొలిమేర కొచ్చిందని తెలిసి నేను ఎదురు వోయిన.

"తిన్నవార?" అన్న.

"నిండుగున్న" అన్నడు.

గొర్లను దొడ్లె పెట్టి, తడిక కట్టి, చేతులు కడుగుదామని వంగినోడు వంగినట్టే బోర్లవడ్డడు. ఒళ్లంత చల్ల చెమట. గంజి తాపినంక కండ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "పిల్లలన్ని ఉన్నయా?" అని. ఊరు ఊరంత మెచ్చుకున్నది. ఆకలిని గెలిచినోడని వానికి పేరు వడ్డది.

"నిండుగున్న" అనే మాట వాడు పుట్టించింది గాదు. మా కురుమోళ్ల దేవుడు బీరప్ప, ఆయన పెట్టెను నెత్తిన మోసేటోడు పండుగయ్యేదాక ఒక్కపొద్దుంటడు. పొద్దుండంగ మెతుకు ముట్టడు, పొద్దుగూకినంక సొంత పొయ్యి మీద వండిందే తింటడు. ఆ దినాలల్ల వాని నోట ఆకలనే మాట రావద్దు. ఎవలడిగినా "నిండుగున్న" అనాలె. మా నాయిన గట్లనే అన్నడు, దుర్గయ్య గట్లనే అన్నడు. దుర్గయ్య పోయినంక పెట్టె పరశురాములు నెత్తికెక్కింది. వానికి ఆ మాట పండుగల దినాలకే ఆగలే, ఏడాదంత నోట్లె ఉండిపోయింది.

వాని గెలుపులు ఇంక చెప్పాలె. సర్కారు గొర్లిచ్చిన యేడు మందలకు మూతిపుండ్ల రోగమొస్తె, పశువుల డాక్టరు వెనుక తిరిగి సూదులేసుడు నేర్చుకున్నడు, మా ఊరి మందలు నిలబెట్టిండు. మా గొర్ల సొసైటీల డైరెక్టర్లందరి కన్న చిన్నోడు వాడే. షాద్‌నగర్ల రక్తమియ్యాల్నంటె ముందు నిలవడేది వాడే. రక్తమిచ్చినంక అందరికిచ్చే బిస్కిట్లు, పండ్ల రసం వాడు ముట్టలే, పక్కనున్న ముసలామెకిచ్చి వచ్చిండు. అది సుత ఊళ్లె గొప్పగనే చెప్పుకున్నరు.

నాగరాణి వాని చెల్లె. బడికి పోయే యీడు నుంచే దానికి షుగరు. గోలీలతోని పొయ్యేది గాదు, పొద్దుమాపు పొట్టకు ఇన్సులిన్ సూది ఏసుకోవాలె. ఒంట్ల తీపి ఎక్కువైతె మాకు ఫికర్ లేకుండె, తక్కువైతేనే భయం. ముందుగాల దానికి తెలిసేది. కాళ్లు వణికేటియి, చెమటలు పట్టేటియి, "అన్నా, బెల్లం" అని కేకేసేది. రాను రాను ఆ తెలుసుడు బందైంది. ఒంట్ల షుగర్ అడుగంటుతున్నా నవ్వుకుంట మాట్లాడేది, మాట్లాడుకుంటనే ఒరిగేది. ఒకపూట రొట్టెలు చేసుకుంట చేసుకుంట కండ్లు తేలేసింది. చెయ్యి పెనం మీదనే ఉన్నది. పరశురాములు దొడ్లె ఉండి, వాసనకు ఉరికొచ్చిండు. ఆ చేతి ఏళ్లు ఇయ్యాల్టికి సాపుకావు.

అయినా ఇద్దరూ ఇద్దరే. "ఈ చెయ్యి సూసి ఎవడు చేసుకుంటడే నిన్ను?" అని వాడు గెలికేటోడు.

"ఆకలి తెల్వని నిన్ను చేసుకునేదుంటె, తాపం తెల్వని నన్ను చేసుకునేటోడు ఉండడా? ముందు నీకు దొరకనియ్యి" అని అది.

షాద్‌నగర్ల నాగరాణిని సూసే డాక్టరమ్మ పేరు గజాలా. పాలమూరు పిల్లనే, మన మాటనే మాట్లాడుతది. ఊరవతల కొత్తగ కట్టిన పరిశోధన దవాఖానల సుత ఆమె పని చేస్తది. కాలిన చేతికి కట్టు మారుస్త ఆమె చెప్పిన మాటలు నేను ఇన్న.

"షుగర్ మాటిమాటికి పడిపోతె ఒళ్లు చెప్పుడు మానేస్తది బేటా. మంద కాడ కుక్క ఉంటది సూడు, తోడేలొస్తె మొరుగుతది. నాగరాణి ఒంట్ల ఆ కుక్క పండుకున్నది. ఎందుకు పండుకుంటదో తెలుసుకోవాలంటె, ముందు మంచిగున్న ఒంట్ల అది ఎట్ల మొరుగుతదో సూడాలె. దాని కోసం ఏ రోగం లేనోళ్లను అడుగుతున్నం. మంచం మీద పండవెట్టి, మా కండ్ల ముంగట షుగర్ మెల్లగ దించుతం, కొంతసేపు ఆపుతం, మళ్ల లేపుతం."

"మంచిగున్నోన్ని పండవెట్టి పడగొట్టుడేందమ్మా?" అని నేనన్న.

"పడగొట్టం తాతా. ఒక చేతికి ఇన్సులిన్, గ్లూకోజ్ రెండూ ఎక్కుతుంటయి. ఇంకో చేతి నుంచి ఊకె రక్తం తీసి అప్పటికప్పుడు సూస్తుంటం. గుండెకు మిషన్. నేను మంచం ఇడిసి కదల. వద్దనుకుంటె చెయ్యి లేపితె సాలు, అక్కడికే ఆపుతం. గాని మూడు మాటలు నిలవెట్టుకోవాలె. ముందు దినాలు కడుపునిండ తినాలె, ఒంట్ల ఏమైతాందో ఉన్నదున్నట్టు చెప్పాలె, అయిపోయినంక మేము పెట్టింది తినాలె. ఇన్సులిన్ ఒంట్ల ఇంక ఉండంగనే తినకుంట బయటికి పోతె, తొవ్వల ఏమైతదో నేను జిమ్మెదారీ తీస్కోలేను."

పరశురాములు చెల్లె చెయ్యి దిక్కు సూసి, "నన్ను రాసుకో డాక్టరమ్మా" అన్నడు. మా మండలంల గీ పనికి ముందువడ్డోడు వాడే. ఇది సుత వాని గెలుపులల్ల రాయాల్సిందే.

వాని గుండె, రక్తం అన్ని పరీక్షలు చేసి పనికొస్తడన్నరు. రెండుసార్లు రావాల్నన్నరు. మొదటిసారి ఒక్క దినం. రెండోసారి ఆన్నే ఉండాలె, ఒకటెంక ఒకటి రెండు దినాలు షుగర్ దించుతరు. మొదటిసారి పడ్డ ఒళ్లు రెండోసారి మొరుగుడు తగ్గిస్తదా అని సూసుడు. పిలుపొచ్చేసరికి ఉగాది దాటింది, బీరప్ప పెట్టె వాని నెత్తి మీద ఊర్లు తిరుగుతాంది.

"పెట్టె మోసుకుంట తినుడెట్లర?" అని అడిగిన.

"గుర్వయ్య మామ సెలవిచ్చిండు. తప్పు పసుపునీళ్లతోని కడుగుతడట" అన్నడు. గుర్వయ్య అంటె మా ఒగ్గు పూజారి. ఆయన సెలవిచ్చినంక ఇంక ఎవలు కాదంటరు?

దవాఖాన గేటు కాడ నొసటి పసుపు బండారిని తువ్వాలతోని గట్టిగ తుడుసుకున్నడు. లోపల గజాలా డాక్టరమ్మ అడగనే అడిగింది. "పోయిన వారం దాక నేను సుత రంజాన్ రోజా ఉన్నదాన్నే. ఉపాసముంటె దాయకు బేటా. పండుగైనంక పిలుస్త, దేవుడు యాడికి పోడు, నేను యాడికి పోను."

"నేనెందుకుంట? నిండుగున్న" అన్నడు.

నన్ను అద్దం ఇవతల కూసోవెట్టిండ్రు. మంచం తల కాడ డాక్టరమ్మ, పక్కన నర్సు. ఒక చేతికి రెండు పైపులు, రక్తం తీసే ఇంకో చెయ్యి ఎచ్చని సంచిల. కొంతసేపటికి వాని నొసలు మెరిసింది. పెదిమెలు తెల్లబడ్డయి. నర్సు ఒక్కొక్కటే అడుగుతాంది: వణుకుతాందా? గుండె కొట్టుకుంటాందా? ఆకలైతాందా? వాడు అన్నింటికి ఒక్కటే మాట. కండ్లు మూసుకొని నూరు నుంచి ఏడేడు తీసుకుంట రమ్మంటె, మందను ఒక్క సూపుల లెక్కవెట్టేటోడు రెండో లెక్కకే తొవ్వ తప్పిండు. డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది. గ్లూకోజ్ పెంచి లేపిండ్రు.

"నీ రక్తం ఒకటి చెప్తాంది, నీ నోరొకటి చెప్తాంది. రక్తం సూస్తున్న గనుక ఈడ నీకేం గాదు. గాని నువ్వు దాస్తె మీ చెల్లె ఒంట్ల కుక్క ఎందుకు మొరగదో నాకెట్ల తెలుస్తది?" అన్నది.

వాడు నవ్విండు. అన్నం, పప్పు, రెండు చపాతీలు, అరటిపండు పెట్టిండ్రు. "ఎవలన్న సూస్తుంటె నాకు ముద్ద దిగదక్కా" అని గోడ దిక్కు మళ్లిండు. నర్సు మర్యాదకు పరదా జరిపి అవతల నిలవడ్డది. పళ్లెం ఖాళీగ తిరిగొచ్చింది. మళ్ల రక్తం సూసిండ్రు, ఎక్కిన గ్లూకోజ్ బలం ఇంక ఉన్నది, లెక్క మంచిగనే వచ్చింది. కొంతసేపు కూసోవెట్టి పంపిండ్రు. ఇద్దరం ఆటోల ఊరి తొవ్వ పట్టినం. తొవ్వల వాడు గొంగడి మడతను ఒడిల గట్టిగ పట్టుకొని కూసున్నడు. ఎండకు గొంగడేందిరా అంటె ఇంకింత దగ్గరికి గుంజుకున్నడు.

ఊళ్లె దిగంగనే డోలు దెబ్బ ఇనవడ్డది. పెట్టె గుడి ముంగట పెట్టి వాని కోసమే సూస్తుండ్రు. వాడు ముట్టవోయిండు, చెయ్యి వణికింది. ఒళ్లంత వణికింది. చెమట కారి అంగీ తడిసింది, సూపు యాడనో నిలవడ్డది. నోట్లె నుంచి తెలిసీ తెలవని మాటలు.

"బీరప్ప వచ్చిండు!" అని ఎవలో కేకేసిండ్రు.

డోలు జోరందుకున్నది. ఆడోళ్లు వాని కాళ్ల ముంగట నీళ్లు ఆరబోసిండ్రు. గుర్వయ్య వాని నొసట, బుగ్గల మీద బండారి పూసిండు. నేను సుత పూసిన. "వానలెప్పుడు స్వామీ?" అని ఒకడు, "మా బిడ్డకు కాన్పెప్పుడు?" అని ఒకామె. వాడు "పిల్లలు... పిల్లలున్నయా..." అన్నడు. "పిల్లలిస్తనంటుండు, పిల్లలిస్తనంటుండు!" అని ఆమె కాళ్లమీద పడ్డది. వాని మోకాళ్లు ఇరిగినట్టు కూలవడ్డడు, డోలు ఆగలే.

నాగరాణి ఎట్లొచ్చిందో జనాన్ని చీల్చుకుంట వచ్చింది. వాని మెడ మీద చెయ్యేసి ఆ చల్ల చెమట ముట్టిందో లేదో, "డోలాపుర్రి! ఇది దేవుడు గాదు, షుగర్! బెల్లం తేర్రి!" అని ఒర్రింది.

గుర్వయ్య అడ్డమొచ్చిండు. "దేవుడు నిలవడ్డ ఒంట్ల మెతుకు ముట్టియ్యద్దు బిడ్డా. అరిష్టం."

"మామా, నా ఒంట్ల రోజూ నిలవడే దేవుడే ఇది. నాకు తెల్వదా? జరుగు!"

తన కొంగున ఎప్పుడూ కట్టుకునే బెల్లం గడ్డను నలిపి, వంకర ఏళ్లతోనే వాని బుగ్గ లోపల రాసింది. మళ్ల రాసింది. డోలు ఆగింది. కొంతసేపటికి వాడు మింగిండు. కండ్లు మళ్ల మనుషులను పోల్చుకున్నయి. వాన్ని లేపి కూసోవెట్టంగ గొంగడి మడత జారింది. రెండు చపాతీలు, పప్పంటిన అన్నం ముద్ద, అరటిపండు మట్టిల పడ్డయి.

నాగరాణి వాటి దిక్కు సూసి, గుర్వయ్య దిక్కు మళ్లింది. "తినమని సెలవిచ్చినవు గద మామా?"

"నన్నెవడు అడిగిండే?" అన్నడు గుర్వయ్య.

అప్పుడు తెలిసింది మాకు. చెల్లె కోసమని వాడు రెండు మాటలిచ్చిండు. తిననని బీరప్పకు, తింటనని డాక్టరమ్మకు. "పెట్టె నెత్తి మీదుండంగ చేస్తేనే దేవుడు సుత నీ ఒంటి సంగతి డాక్టరమ్మకు తెలియజేస్తడు. ఒక్కపొద్దు ఇడిస్తె దేవుడు పోతడు. చెప్తే డాక్టరమ్మ పంపిస్తది" అన్నడు చెల్లెతోని, మామూలు ముచ్చట చెప్పినట్టు.

తెల్లారి దవాఖాన నుంచి ఫోనొచ్చింది, ఎట్లున్నడో తెలుసుకునేందుకు. "నిండుగున్న అక్కా" అన్నడు. ఫోను పెట్టంగనే నాగరాణి దుంకింది. "నేను చెప్త. ఇప్పుడే చెప్త. నిన్ను చంపుకొని నేను బతుకాల్నా?"

వాడు దాని కాలిన చెయ్యి పట్టి తన నెత్తి మీద పెట్టుకున్నడు. "చెప్పనని ఒట్టెయ్యి. ఇప్పుడు ఆపితె నా పడుడు వట్టిగ పోతది. రెండోసారి తింట. పెద్దబాపు సాక్షి."

అది ఏడుసుకుంటనే ఒట్టేసింది. నెత్తి మీద చెయ్యిపెట్టి ఏసిన ఒట్టు తప్పితె, ఆ నెత్తికే ముప్పు. అది మా ఇండ్లల్ల పసిపోరలకు సుత తెలుసు.

రెండోసారి పిలుపు శుక్రవారానికి వచ్చింది. తెల్లారంగ పొయ్యేటప్పుడు తల్లి అండాలు రొట్టె, పాలు పెట్టింది. "పరీక్ష కదనే, పొద్దుగాల తినద్దన్నరు. ఆడ పెడుతరు" అన్నడు. అది నిజమే, దించే ముందు పూట తినద్దంటరు. దాంతోని పోనిచ్చినం. నాగరాణి బెల్లం మూటగట్టి వాని అంగీ జేబుల పెట్టింది. నేనొస్తనంటె వద్దన్నడు. "ఈసారి ఆడ పండుకునేటోళ్లకే మంచం పెద్దబాపు. నువ్వు పెట్టె సూసుకో." గొంగడి భుజానేసుకొని పోయిండు. ఎండలు మండుతున్నయి, గొంగడి ఎందుకని ఈసారి ఎవ్వలం అడగలే. అడిగితె ఏమంటడో తెలుసు.

ఇయ్యాల పొద్దుగాల గుడి ఊడుద్దామని పోయిన. పెట్టె మీద గుడ్డ కప్పి ఉన్నది. దాని ముంగట, కొత్త బండారి నడుమ, నాగరాణి కట్టిచ్చిన బెల్లం మూట. ముడి సుత ఇప్పలే. పోయేటప్పుడు దేవునికిచ్చి పోయిండు.

తెచ్చి నాగరాణి చేతుల పెట్టిన. అది ఫోను తీసింది.

"ఒట్టు బిడ్డా" అని అండాలు దాని చెయ్యి పట్టింది.

"ఒట్టు తప్పితె దేవుడు తీస్కపోతడో లేదో అమ్మా. తప్పకపోతె మాత్రం వాడు దక్కడు" అన్నది.

డాక్టరమ్మ ఫోను ఎత్తలే. మంచం కాడ ఫోను ముట్టరు వాళ్లు. ఇంకో నెంబరుకు చేస్తె నర్సు ఎత్తింది. నాగరాణి ఫోను మా ఇద్దరికీ ఇనవడేటట్టు పెట్టింది.

"మీ అన్ననా? నిన్న దించి లేపినం, మంచిగనే ఉన్నడు. ఇయ్యాల మళ్ల మొదలువెట్టిండ్రు. ఈసారి నొసట చెమట సుత లేదు, ఎంత దించినా కదుల్తలేడు. అడిగితె నిండుగున్న అంటుండు."

నాగరాణి అందుకున్నది. "గా మాట నమ్మకుర్రి అక్కా. వాడు ఒక్కపొద్దున్నడు. నిన్న పెట్టింది తినలే. తిన్నట్టు చేస్తడు. పోయినసారి ఊళ్లెకొచ్చి పడ్డడు, మీకు చెప్పలే. వాని గొంగడి మడతలు సూడుర్రి."

"ఉండమ్మా" అన్నది నర్సు. చెప్పులు ఉరికిన చప్పుడు ఇనవడ్డది. తలుపు కొట్టుకున్నది. ఎవరో గట్టిగ డాక్టరమ్మను పిలిచిండ్రు. ఆడికే ఫోను కట్టయింది.

ఇది రాసేటప్పటికి శనివారం పొద్దుగూకుతాంది. అప్పటి నుంచి మేము చేస్తే ఎత్తుతలేరు, వాళ్లు చేస్తలేరు. పండుగ కిరాయిలకు ఆటోలన్ని పోయినయి, ఒకటి మళ్లితె పోదామని నాగరాణి గడపలనే కూసున్నది, కొంగున బెల్లం కట్టుకొని. ఆ మంచం కాడ డాక్టరమ్మ ఉన్నది, రక్తం సూస్తుంటది, వాడు చెప్పకున్నా ఆమెకు తెలుస్తది. అది తలుసుకొని జర ధైర్యంగుంట. మళ్ల ఆ తలుపు చప్పుడు యాదికొస్తది. గుర్వయ్య రెండుసార్లు వచ్చి పోయిండు. పెట్టె మోసేటోడు లేకుంట రేపు పండుగ సాగది, ఇంకొకని నెత్తికెత్తుడు మా ఇంటి ఆచారంల లేదు. దొడ్లె మంద పండుకున్నది. కుక్కలకు ఈ పూట రొట్టెలు నేనే ఏసిన, మా వాడుంటె ఏసేటట్టే.

మా పరశురాములు ఓడిపోయిన ముచ్చట ఇప్పటిదాక ఊళ్లె ఎవ్వలకూ తెల్వదు. నాకు సుత తెల్వాల్సిన దినం రావద్దు. దవాఖానోళ్లు పిలిచినప్పుడు చెప్పిన లెక్కన వాడు ఇంటికొచ్చేది ఆదివారం, ఏప్రిల్ ఇరవై ఎనిమిది, రెండువేల ఇరవై నాలుగు.